గుంజ దగ్గర మనిషి

గంట వచ్చేసింది!

గురువారం రావలసిన లారీ దారిలో రెండుసార్లు మొరాయించి, శనివారం సాయంత్రం నాలుగింటికి వీధి మొగలో ఆగింది. అంతే, చర్చి మొత్తం రోడ్డు మీదికి వచ్చేసింది. టైలరు మిషన్ మీద సగం కుట్టిన చొక్కా వదిలేసి వచ్చాడు. బేకరీ ఆయన చేతుల పిండి కూడా కడుక్కోలేదు. పాస్టరు అయ్యగారైతే చెప్పులు మరిచిపోయి ఉత్త కాళ్ళతో పరుగెత్తారు. పాత గంట పగిలి నాలుగేళ్ళయింది మరి! అది మోగితే ఎవరో ఖాళీ డబ్బాని తన్నినట్టుండేది. ఇప్పుడిదిగో, నడుమెత్తు కొత్త గంట, నాలుగు వందల కిలోలు, గోనెపట్టాలు కప్పుకుని కొత్త పెళ్ళికూతురిలా కూర్చుంది. మర్నాడు ఆదివారం పదింటికి ప్రతిష్ఠ ఆరాధన. చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పిలుపులు కూడా వెళ్ళిపోయాయి.

లారీ ఆ వీధిలో పట్టదు. క్రేను సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి చర్చి వాకిటి దాకా గంటని ఇనుప పైపుల మీద దొర్లించుకుని తెచ్చింది ఎవరి కేక మీద అనుకున్నారు? ఇంకెవరి కేక, కేకల మేస్త్రిదే!

ఆయన ముప్ఫై ఆరేళ్ళు రేవులో బరువులెత్తే ముఠాకి మేస్త్రిగా ఉన్నాడు. పని మానేసి ఆరేళ్ళయినా గొంతు మాత్రం పని మానలేదు. ఆయన కేకేస్తే ఓడ మీద వంటవాడి చేతిలో గరిటె జారిపోయేదని చెప్పుకునేవారు. ఆ చెప్పుకునేవాళ్ళలో అందరికంటే ముందుండేది కూడా ఆయనే. చర్చిలో ప్రార్థన చేసినా అదే తీరు. "నీ దాసుణ్ణి ప్రభువా, దేనికీ పనికిరాని నీ దాసుణ్ణి!" అని ఆయన ఎత్తుకున్నాడంటే తల్లుల ఒళ్ళో పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకునేవారు. మంచివాడే, కాదనను. ఎవరింట్లో బీరువా కదలాలన్నా, నూతిలో మోటారు దిగాలన్నా పిలవకుండానే వెళ్ళేవాడు. కాకపోతే ఆ సాయం చేసింది తానేనని వీధి చివరిదాకా వినబడకపోతే ఆయనకి తిన్నది అరగదు.

ఆ సాయంత్రం అందరూ చర్చిలో కూర్చున్నారు. రేపు గంటని పైకెత్తే పనికి ఎవరెవరు ఎక్కడుండాలో తేల్చుకోవాలి. అయ్యగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"గంట ఎత్తేటప్పుడు మనందరం ఒక్కరి మాటే వినాలి. రేవులో ఈ పని బాగా తెలిసిన మనిషి మన మధ్యే ఉండడం దేవుడి దయ. ఆ మనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదనుకుంటా..."

మేస్త్రి అప్పటికే సగం లేచాడు. కండువా సర్దుకున్నాడు. వినయంగా కనబడడం కోసం తల కొంచెం వంచాడు కూడా.

"...మన మేస్త్రి గారి అల్లుడు" అని ముగించారు అయ్యగారు.

ఇంకేముంది, సగం లేచిన మనిషి అలాగే ఉండిపోయాడు. కూర్చోలేడు, నిలబడలేడు. చివరికి బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగి, చాలాసేపు వెతికి, తన చెప్పు తానే పట్టుకుని పైకొచ్చాడు. వెనక బల్ల మీద టైలరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అది దగ్గు కాదని మేస్త్రికి తెలియదా!

ఈ అల్లుణ్ణి చర్చిలో అందరూ నిమ్మళం అంటారు. పేరుకి తగ్గ మనిషి. ఒక మాట అనాలంటే మూడు సార్లు ఆలోచిస్తాడు, అన్న మాట పక్కనున్నవాడికి తప్ప వినబడదు. ఒకప్పుడు మేస్త్రి ముఠాలోనే పనిచేశాడు. ఇప్పుడు ఆ ముఠాకి తనే మేస్త్రి. ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళు లేవు. పెళ్ళిలో మేస్త్రి కూతురు ఉంగరాన్ని ఆ చేతి నడిమి వేలికే తొడిగింది. అప్పుడు చర్చంతా చప్పట్లు కొడుతుంటే మేస్త్రి ఒక్కడూ కిటికీలోంచి బయటికి చూశాడు. ఎందుకు చూశాడో మనకి ముందు ముందు తెలుస్తుంది.

నిమ్మళం ముందుకొచ్చి, ఎవరెక్కడుండాలో చిన్న గొంతుతో చెప్పుకుపోయాడు. గంట గోపురం మీది కప్పీలోంచి దిగే మోకుతాడుని పన్నెండు మంది పక్క సందులో పట్టుకుని లాగాలి. వెల్డింగ్ షాపాయన పైన పలక మీద కూర్చుని బోల్టులు బిగించాలి. తను ముందు వీధిలో నిలబడి విజిల్ ఊదుతాడు. ఒకసారి ఊదితే ఆపాలి, రెండుసార్లయితే లాగాలి, మూడుసార్లయితే మెల్లగా వదలాలి. "ఆపండి అన్న మాట మాత్రం ఎవరైనా అనొచ్చు. ఎవరికి అనుమానమొచ్చినా అనాలి. లాగమనీ వదలమనీ మాత్రం ఒక్కరే చెప్పాలి" అన్నాడు. తర్వాత మామగారి వైపు తిరిగాడు.

"మామయ్యా, మీరు వెనక గుంజ దగ్గరుండాలి."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. వెనక గుంజ! చర్చి వెనకాల, వంటపాక పక్కన, గిన్నెలు తోముకునే చోట ఒక పాత ఇనుప గుంజ ఉంది. ఓడల్ని కట్టే గుంజ. దాన్ని అక్కడ ఎవరు పాతారో, ఎందుకు పాతారో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళు మసిగుడ్డలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. మోకు కొసని ఆ గుంజకి మూడు చుట్లు చుట్టి, ముందున్నవాళ్ళు లాగిన కొద్దీ వదులుని బిగిస్తూ ఉండాలి. అక్కడి నుంచి గంట కనబడదు, గోపురం కనబడదు, లాగేవాళ్ళు కూడా కనబడరు. కనబడేదల్లా చర్చి వెనక గోడ, దానికానించిన చీపుర్లు, అంతే.

"అలాగే అల్లుడు గారూ" అన్నాడు మేస్త్రి. పెళ్ళికి ముందు "ఒరే" అని పిలిచేవాడు. పెళ్ళయ్యాక, ఒళ్ళు మండినప్పుడల్లా "గారు" తగిలిస్తాడు.

ఇంటికెళ్ళాక చూడాలి ఆయన వీరంగం! కండువా విసిరి కుర్చీ మీద కొట్టాడు.

"విజిలంట, విజిలు! గంటనెత్తుతున్నారా, బంతాట ఆడుతున్నారా? గొంతు లేనివాడికి మేస్త్రీ పని! ముప్ఫై ఆరేళ్ళు చేసినవాణ్ణి తీసుకెళ్ళి అంట్ల దగ్గర కూర్చోబెడతారా?"

మేస్త్రి భార్య బట్టలు మడతపెడుతూనే ఉంది. ఆవిడ తలెత్తలేదు.

"అంట్ల దగ్గర నేను ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. నాకేం తేళ్ళు కుట్టలేదే!"

"నీ సంగతి వేరు."

"ఏం వేరు? ప్రతి ఆదివారం 'నీ దాసుణ్ణి ప్రభువా' అని కప్పెగిరిపోయేలా ప్రార్థన చేస్తారుగా. దాసుడన్నాక ఎవరో ఒకరు పని చెప్తారు మరి. ఆ పని నాకు నచ్చలేదంటే ఎలా?"

మేస్త్రి విసిరిన కండువా తీసి దులిపాడు. "రేపు వాడి విజిల్ ఎవరికీ వినబడదు. అప్పుడు నన్నే పిలుస్తారు చూస్తూ ఉండు" అన్నాడు.

ఆవిడ మడతపెట్టిన తువ్వాలు ఆయన ఒళ్ళో పడేసింది. "పిలిచినప్పుడు తుడుచుకుని వెళ్ళండి."

చెప్పొద్దూ, ఆయన కడుపులో మండుతున్నది కోపం ఒక్కటే కాదు. తొమ్మిదేళ్ళ కిందటి సంగతి అది. రేవులో ఓ ఇంజన్ పెట్టెని ఎత్తుతున్నారు. సైగలు చెయ్యాల్సినవాడు ఆపమని చెయ్యెత్తాడు. మేస్త్రి నిలబడ్డ చోటి నుంచి ఆ మూల సరిగ్గా కనబడదు. అయినా ఆయనకి అన్నీ తెలుసు కదా! "ఏం కాదు, లాగండ్రా!" అని అరిచాడు. ఆ కేక ముందు సైగ ఎవడు చూస్తాడు? లాగారు. పెట్టె ఊగింది. పెట్టెకీ గోడకీ మధ్య ఇరుక్కున్న గొలుసు తీస్తున్న కుర్రకలాసీ చేతికి రెండు వేళ్ళు పోయాయి. ఆఫీసువాళ్ళు వచ్చి అడిగితే "నేనే తొందరపడి చెయ్యి పెట్టాను" అన్నాడు ఆ కుర్రాడు. మేస్త్రి పక్కనే ఉన్నాడు. పెద్ద గొంతు మనిషి, ఆ ఒక్కనాడు మాత్రం నోరు విప్పలేదు. తర్వాత ఆ కుర్రాడే అల్లుడయ్యాడు. ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా "తప్పు నాదేరా" అని మేస్త్రి అనలేదు, ఆ అబ్బాయీ ఆ ఊసెత్తలేదు.

తెల్లారింది. ఏడు గంటలకల్లా చర్చి ముందు ఇసకేస్తే రాలని జనం! నాలుగు స్తంభాల మీద నిలబడ్డ గంట గోపురం, స్తంభాల మధ్య అంతా ఖాళీ. నిట్టనిలువునా ముప్ఫై అయిదు అడుగులు. గంట మీది గోనెపట్టాలు తీసేశారు. ఎండ తగిలి అది ధగధగా మెరుస్తుంటే పిల్లలు దాంట్లో మొహాలు చూసుకుని వెక్కిరించుకుంటున్నారు. అయ్యగారు తెల్లటి కొత్త చొక్కా తొడుక్కున్నారు, ఈసారి చెప్పులు కూడా మరిచిపోలేదు. రెండు నిమిషాల్లో ప్రార్థన ముగించేశారు. ఆయన చరిత్రలో అంత చిన్న ప్రార్థన అదే మొదటిది.

వెనక వంటపాక దగ్గర మధ్యాహ్నం భోజనాలకి గుండిగలు పొయ్యెక్కాయి. మేస్త్రి మూతి ముడుచుకుని వచ్చి, గుంజ మీది మసిగుడ్డలు రెండు వేళ్ళతో తీసి అవతల పారేశాడు. అలవాటు కొద్దీ మోకుని తడిమి చూశాడు. మూడు చుట్లు వేశాడు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి కొస పట్టుకున్నాడు. పని మీద అలిగే రకం కాదు ఆయన, మనుషుల మీదే అలుగుతాడు. ఆయన భార్య రెండడుగుల దూరంలో పీట మీద కూర్చుని పెద్ద గిన్నె ఒకటి తోముతోంది.

ముందు నుంచి విజిల్ రెండుసార్లు మోగింది. చక్కగా వినబడింది కూడా. మేస్త్రికి ఆ సంగతి అస్సలు నచ్చలేదు.

సందులో పన్నెండు మందీ ఒక్కసారి "హై!" అన్నారు. మోకు బిగుసుకుంది. గుంజ కిర్రుమంది. ముందు వీధిలో పెద్ద గోల!

"లేచింది! లేచింది!"

"ఎంత లేచింది?" అని అరిచాడు మేస్త్రి ఉండబట్టలేక. ఎవరూ పలకలేదు. గిన్నె తోముతున్న భార్యని అడిగాడు. "ఎంత లేచిందంటావు?"

"నాకు గోడ కనబడుతోంది. మీకేం కనబడుతోంది?"

"గోడే."

"అయితే ఇద్దరం ఒకటే."

మళ్ళీ రెండు విజిళ్ళు. వదులొచ్చిన మోకుని మేస్త్రి చరచరా గుంజకి లాగి బిగించాడు. ఒక విజిల్, ఆగాడు. మళ్ళీ రెండు. చూస్తుండగానే పని ఊపందుకుంది. లాగేవాళ్ళ "హై"కి ఆయన చేతులు వాటంతటవే కదులుతున్నాయి. ఆ బరువు మోకులోంచి అరచేతుల్లోకి వస్తుంటే ఆరేళ్ళ తర్వాత ఒళ్ళంతా మేలుకున్నట్టుంది. అలక సగం మరిచిపోయాడు కూడా. ముందు వీధిలో పాట అందుకున్నారు, చప్పట్లు కొడుతున్నారు, ఎవరో ఈలవేస్తే ఎవరో కసురుకుంటున్నారు. ఆయన కూతురి గొంతు అన్నిటికంటే పైన వినబడుతోంది. గొంతు విషయంలో ఆ పిల్ల తండ్రి పోలికే.

"స్తంభం సగం దాటింది!"

"మూడొంతులు వచ్చేసింది!"

"అయ్యబాబోయ్, ఊగుతోంది! లేదు లేదు, ఆగింది!"

గోడకి ఇవతల మేస్త్రి మునివేళ్ళ మీద లేచాడు. ఒక్కసారి, ఒక్క క్షణం అటు తొంగిచూస్తే చాలు. కానీ గుంజ వదిలి కదలకూడదు. ముప్ఫై ఆరేళ్ళలో గుంజ దగ్గర ఎంతమందిని నిలబెట్టాడో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కడైనా బరువు లేవడం ఎప్పుడైనా చూశాడా అని ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడాలోచిస్తే ఒక్కడి మొహం కూడా గుర్తుకు రావడం లేదు. అందుకు సిగ్గేసింది.

ఒక విజిల్.

ఆగారు. మోకు బిర్రుగా ఉంది. చప్పట్లు ఆగిపోయాయి. మేస్త్రి ఎదురుచూశాడు. రెండు విజిళ్ళు పడలేదు, మూడూ పడలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. సందులో మనుషులు రొప్పుతున్నారు.

"ఏమైంది?"

"ఏమో! నిమ్మళం కనబడట్లేదు!"

"చేతులు జారిపోతున్నాయిరా!"

ఇంతలో ముందు నుంచి అరుపులు మొదలయ్యాయి. జనానికి గంట కనబడుతోంది, పైన దాన్ని తగిలించే దూలం కనబడుతోంది, మధ్యలో జానెడు సందు కనబడుతోంది. అంతకంటే ఏం కావాలి?

"ఒక్క జానెడే! లాగండి!"

"లాగండి లాగండి! అయిపోయింది!"

అయ్యగారు సందులోంచి పరుగెత్తుకొచ్చారు. చిన్నపిల్లాడిలా ఆయన మొహం వెలిగిపోతోంది, చెమటతో తడిసిపోయింది.

"మేస్త్రి గారూ! జానెడు, ఒక్క జానెడు! మీ అల్లుడు ఎక్కడికెళ్ళాడో కనబడట్లేదు. మీరొక్క కేకెయ్యండి చాలు. అందరూ మీ మాట కోసమే చూస్తున్నారు!"

సందులోంచి పన్నెండు గొంతులు కూడా అదే అన్నాయి. "మేస్త్రీ, చెప్పండి! లాగమంటారా?"

ఆహా! రాత్రంతా ఈ మాట కోసమే కదా ఆయన కాచుకున్నది! పిలుస్తారన్నాడు, పిలిచారు. అయ్యగారే వచ్చి బతిమాలుతున్నారు. మేస్త్రి ఛాతీ ఉప్పొంగింది. గొంతులోకి ఊపిరి నిండుగా వచ్చింది. లాగండ్రా అనే ఆ కేక నాలుక చివర కూర్చుని ఎగరడానికి సిద్ధంగా ఉంది.

అప్పుడు మోకు చిన్నగా వణికింది. బరువు వణుకు కాదు అది, ఆయనకి తెలుసు. పైన ఏదో దేన్నో ఒరుసుకుంటోంది. ఏమిటది? బోల్టా? చెక్కా? గాలా? తెలియదు. ఆయనకి తెలియదు! ఎదురుగా ఉన్నది గోడ. తొమ్మిదేళ్ళ కిందట కూడా ఆయన ఎదురుగా ఉన్నది గోడే. ఆ రోజు మాత్రం గోడ వెనక ఏముందో తనకి తెలుసనుకున్నాడు.

'ప్రభువా,' అనుకున్నాడు, మనసులోనే, జీవితంలో మొదటిసారి చప్పుడు లేకుండా. 'ఈ నోరు పట్టుకో.'

అప్పటికే సందులో ఎవరో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "ఒకటీ... రెండూ..."

"ఆపండ్రా!"

ఏం కేక అది! గుండిగల మీది మూతలు గల్లుమన్నాయి. లెక్క ఆగిపోయింది. ముందు వీధిలో అరుస్తున్న జనం నోళ్ళు కూడా టక్కున మూతపడ్డాయి. ఆ నిశ్శబ్దంలో మేస్త్రి మామూలు గొంతుతో, ఎవరికీ తెలియని కొత్త గొంతుతో అన్నాడు.

"విజిల్ పడేదాకా ఎవరూ కదలొద్దు. నాకేమీ కనబడట్లేదు. కనబడేవాడు ఊదుతాడు."

అయ్యగారు నోరు తెరిచి ఆయన్నే చూశారు. నాకు తెలియదు, నాకు కనబడట్లేదు అనే మాట ఆ మనిషి నోట ఈ సంఘంలో ఎవరూ ఇంతవరకు వినలేదు. గిన్నె మీద భార్య చెయ్యి కూడా ఆగిపోయింది.

"చూస్తారేంటి అయ్యగారూ, మోకు పట్టండి! సందులో వాళ్ళ చేతులు జారుతున్నాయి. బరువంతా గుంజ మీదికొస్తోంది" అన్నాడు మేస్త్రి.

అయ్యగారు ఆయన వెనకాల చేరి, కొత్త చొక్కాతోనే ఆ గ్రీజు మోకుని పొట్టకి అదిమిపెట్టి కాళ్ళు తన్నిపెట్టారు. భార్య కూడా గిన్నె వదిలేసి, చేతులు చీరకి తుడుచుకుని వచ్చి అయ్యగారి వెనక మోకు పట్టుకుంది. ముగ్గురూ గోడని చూస్తూ నిలబడ్డారు. మేస్త్రి అరచేతులు భగ్గుమంటున్నాయి, మోచేతులు అదురుతున్నాయి. ఎంతసేపైందో ఎవరికి తెలుసు! ఆయనకి ఒక యుగమే అనిపించింది. అయ్యగారు పెదాలతో ప్రార్థన చేసుకుంటున్నారు. భార్య "పొయ్యి మీద అన్నం మాడిపోతుందేమో" అంది. ఎవరూ నవ్వలేదు.

రెండు విజిళ్ళు!

"హై!" అన్నారు సందులో. జానెడు మోకు వచ్చింది, మేస్త్రి బిగించాడు. ఒక విజిల్. ఆగారు. పైన ఇనుము మీద ఇనుము చప్పుడు, టంగు టంగుమని. వెల్డింగ్ షాపాయన బోల్టులు దిగ్గొడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఆ తర్వాత జనం ఒక్కసారిగా పెట్టిన కేకకి ఆకాశం అదిరిపోయింది! సందులో పన్నెండు మందీ మోకు వదిలేసి ముందుకి పరుగుతీశారు. అయ్యగారు కూడా ఆగలేకపోయారు. "మేస్త్రి గారూ, రండి రండి!" అంటూనే పొట్ట మీద నల్లటి చారతో పరుగెత్తారు. మేస్త్రి కదల్లేదు.

"మీరూ వెళ్ళండి మరి" అంది భార్య.

"వదలమని విజిల్ పడలేదు."

"అయిపోయిందిగా! అందరూ వెళ్ళారు!"

"మూడు పడాలి. మూడు పడితేనే వదలాలి."

ఆవిడ ఆయన మొహంలోకి ఒక క్షణం చూసింది. వెళ్ళి అన్నం గుండిగ దించింది.

అప్పుడు, ముందు వీధిలో ఆ హోరు ఇంకా ఆగకముందే, మోకు ఆయన చేతుల్లో ఝల్లుమంది. చేతుల్లోంచి భుజాల్లోకి, భుజాల్లోంచి పక్కటెముకల్లోకి ఏదో తియ్యటి ప్రకంపన పాకింది. ఏమిటా అని ఆయన అనుకునేలోపే గాల్లోంచి ఆ నాదం వచ్చింది. నిండుగా, లోతుగా, వీధి దాటి, ఇళ్ళు దాటి, రేవు దాకా! గంట మోగింది! పైనున్న వెల్డింగాయన సంబరం పట్టలేక గంట నాలుకని లాగి కొట్టేశాడు. ముందు వీధిలో మూడు వందల మంది విన్నారు దాన్ని. వాళ్ళందరి కంటే ముందు అది మేస్త్రి చేతుల్లో మోగింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

మూడు విజిళ్ళు పడలేదు. సందులో అడుగుల చప్పుడైంది. నిమ్మళం వస్తున్నాడు. నడవట్లేదు, పరుగెత్తుతున్నాడు! ఆ మనిషి పరుగెత్తడం మేస్త్రి అంతకుముందెప్పుడూ చూడలేదు. వచ్చి ఎదురుగా నిలబడి ఊపిరి తీసుకున్నాడు.

"మామయ్యా, వదలండి. విజిల్ ఊదడం కాదు, వచ్చి చెప్పాలనిపించింది."

మేస్త్రి వదలబోయాడు. వేళ్ళు రాలేదు. మోకు మీద అలాగే కొయ్యబారిపోయాయి.

"ఆ జానెడు దగ్గర ఏమైంది?" అన్నాడు వాటినే చూస్తూ.

"దూలానికీ గంట పట్టీకీ మధ్య చెక్కముక్క ఇరుక్కుంది. వెల్డింగాయన చెయ్యి చెక్క పక్కనున్న ఇరుకులో పట్టలేదు. నేను వెనక స్తంభం చాటున నిచ్చెనెక్కి ఈ చెయ్యి పెట్టాను, ఇదైతే పట్టింది." ఎడమ చెయ్యెత్తి చూపించాడు. మూడు వేళ్ళూ మసితో నల్లగా ఉన్నాయి. "చెక్క ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. అప్పుడే కింద లాగండీ లాగండీ అని గోల మొదలైంది. విజిల్ జేబులో ఉంది, రెండో చెయ్యి నిచ్చెన మీద, అరిస్తే నా గొంతు ఎవరికి వినబడుతుంది?"

మేస్త్రి ఆ మూడు వేళ్ళనీ చూశాడు. చెయ్యి అందులోనే ఉంది! తను లాగండ్రా అని ఉంటే...

"ఒరే," అన్నాడు. గారూ లేదు, అల్లుడూ లేదు. "ఆ రోజు లాగమన్నది నేనేరా. సైగ చేసినవాడు ఆపమన్నాడు. నాకు కనబడకుండానే అరిచాను. నీ వేళ్ళు తీసింది నా కేకేరా."

"తెలుసు మామయ్యా."

"ఎప్పటి నుంచి?"

"అప్పటి నుంచే. మీ గొంతు నాకు తెలియదా?"

"తెలిసి కూడా... ఇవాళ నన్నే ఎందుకు నిలబెట్టావురా ఇక్కడ?"

నిమ్మళం తన అలవాటు ప్రకారం చాలాసేపు ఆలోచించాడు.

"నేను పైకెక్కాల్సి వస్తే కింద మోకు ఎవరి చేతిలో ఉండాలా అని రాత్రంతా ఆలోచించాను. మీరు తప్ప ఎవరూ తోచలేదు" అన్నాడు. "భయం కూడా వేసింది, అబద్ధమెందుకు!"

మేస్త్రి ఏడ్చేశాడు. దాచుకోవడానికి చేతులు అడ్డం పెట్టుకోలేడుగా, మోకు పట్టుకునే బావురుమన్నాడు. నిమ్మళం మెల్లగా దగ్గరికొచ్చి, తన మూడు వేళ్ళ చేత్తో ఆయన పిడికిలి పట్టుకున్నాడు. బొటనవేలు విప్పాడు. చూపుడువేలు విప్పాడు. కందిపోయి, చర్మం లేచిన ఆ పెద్ద చేతిని ఒక్కొక్క వేలే మోకు మీది నుంచి తీశాడు. చివరి రెండు వేళ్ళ దగ్గరికొచ్చేసరికి మేస్త్రి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అల్లుడు వాటిని కూడా అంతే నిదానంగా విప్పాడు.

ముందు నుంచి కూతురు అరుస్తోంది, "నాన్నా! ఎక్కడున్నారు? గంట మోగించడానికి అయ్యగారు మిమ్మల్నే రమ్మంటున్నారు!"

మేస్త్రి జవాబు చెప్పబోయి, అలవాటు లేని చిన్న గొంతుతో "వస్తున్నా" అన్నాడు. అది రెండడుగుల అవతల ఉన్న భార్యకి కూడా సరిగ్గా వినబడలేదు.

"ఏమన్నారు?" అంది ఆవిడ, తువ్వాలు తడిపి ఆయన చేతులకి చుడుతూ.